పైన బావ, కింద బల్లి

అతనికి బల్లి అని పేరు పెట్టింది బావే. పనిలో చేరిన మొదటి రోజు, ఒక తెరచాప పడవ ముందుభాగంలో, లంగరు గొలుసు దాచే అరలోకి దిగమన్నారు. మనిషన్నవాడు పట్టే చోటు కాదది. ముందు తల, తర్వాత ఒక భుజం, ఆ తర్వాత నడుము పక్కకి తిప్పి, కాళ్లు ముడుచుకుని లోపలికి జారిపోయి, వెల్లకిలా పడుకుని, "ఇప్పుడేం చెయ్యాలి బావా?" అని అడిగాడు. పైనుంచి బావ తొంగి చూశాడు. "ఒరేయ్, నువ్వు మనిషివా, బల్లివా?" అన్నాడు. సాయంత్రానికల్లా షెడ్డు మొత్తానికీ అతను బల్లి. నెల తిరిగేసరికి సొంత అక్క కూడా, "బల్లి వచ్చాడా? కాళ్లు కడుక్కుని రమ్మనండి, వడ్డించేస్తా" అనడం మొదలుపెట్టింది.

అంతకుముందు అతను ఏ పనిలోనూ కుదురుగా ఉన్నవాడు కాదు. సన్నగా, చువ్వలా ఉండేవాడు. నలుగురిలో నోరు పెగిలేది కాదు. ఏ దుకాణంలో పెట్టినా, వచ్చినవాళ్లతో మాట్లాడలేక పది రోజుల్లో ఇంటికొచ్చేసేవాడు. అక్క పెళ్లయ్యాక బావే చెయ్యి పట్టుకుని పడవల షెడ్డుకి తీసుకెళ్లాడు. "మాట్లాడక్కర్లేని పని ఒకటుంది, వస్తావా?" అన్నాడు.

ఆ పని ఇలాంటిది. పడవలోకి నీళ్లొస్తున్నాయంటే అందరూ అడుగు వైపే చూస్తారు. తెరచాప పడవల్లో చాలాసార్లు నీళ్లు దిగేది పైనుంచి. డెక్కు మీద కనిపించే ప్రతి సామానూ, మోకులు చుట్టే ఇనుప కొమ్ములు, కప్పీలు, అంచు చుట్టూ కమ్మీలు నిలబెట్టే స్తంభాలు, అన్నీ డెక్కుకి చిల్లులు వేసి బోల్టులతో బిగించినవే. ఎండకీ కుదుపుకీ ఆ బోల్టుల చుట్టూ ఉన్న బంక పగులుతుంది. వెంట్రుకంత సందు చాలు నీటికి. డెక్కు చూడటానికి ఏకండీగా ఉంటుంది గానీ, నిజానికి పైనా కిందా ఫైబరు పొరలు, మధ్యలో బెండులాంటి తేలిక చెక్క. ఆ చెక్క నీళ్లు తాగడం మొదలుపెట్టిందా, పైకి నిగనిగలాడుతూనే లోపల గుజ్జయిపోతుంది. నీళ్లు ఒకచోట దిగి, లోపల్లోపలే పాకి, ఎక్కడో బారెడు దూరాన ఎవరి దిండు మీదో చుక్కగా పడతాయి. దిండు గలవాడు తల మీదున్న బోల్టుని తిడతాడు. పాపం, దానికేం తెలియదు.

కాబట్టి అసలు చోటు వెతికి పట్టుకోవాలి. సామాను విప్పి, వంచిన మేకుతో చిల్లు చుట్టూ కుళ్లిన చెక్కనంతా గీకి తీయాలి. ఆ ఖాళీలో గట్టిపడే రెజిన్ జిగురు పోసి, రాయిలా అయ్యేదాకా ఆగి, మళ్లీ చిల్లు వేయాలి. అప్పుడు నల్లటి బంక చుట్టి బోల్టు దింపాలి. ఆ చివరి బిగింపు మాత్రం ఇద్దరి పని. పైన ఒకరు బోల్టు తలలో స్క్రూడ్రైవరు పెట్టి కదలకుండా పట్టుకోవాలి. కింద ఒకరు అరలో దూరి పానాతో నట్టు తిప్పాలి. పైవాడు పొరపాటున తిప్పితే బంక చిరుగుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

పైన బావ, కింద బల్లి. జుట్టు నెరిసేదాకా అదే వరస.

బావ భారీ మనిషి. గొంతు అంతకంటే భారీ. ఇంట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఫ్యాను వేగం దగ్గర్నుంచి చెప్పులు ఎక్కడ విప్పాలన్నదాకా గొడవే. బావ అరుస్తాడు, బల్లి ముఖం ముడుచుకుని వెళ్లిపోతాడు. "మీ ఇద్దరి మధ్యా ఒక చెక్క అడ్డం ఉంటే తప్ప మీకు పడదు. ఇంట్లో కూడా ఒకటి కొట్టించనా?" అని అక్క నవ్వేది.

ఆమె అన్నది నిజమే. డెక్కు అడ్డం ఉన్నప్పుడు వాళ్లిద్దరూ ఎంత మాట్లాడుకునేవారో ఎవరికీ తెలియదు. ముఖం కనపడదు, చేతులు పనిలో ఉంటాయి, మాట దానంతటదే వస్తుంది. తనకి పెళ్లి వద్దన్న సంగతి బల్లి మొదట చెప్పింది ఒక పడవ వంటగది అలమరలోంచి. "ఎందుకురా?" అని పైనుంచి బావ అడిగితే, "ఒకళ్లని పక్కన పెట్టుకుని పొద్దస్తమానం ఏం మాట్లాడాలో నాకు తెలీదు" అన్నాడు. బావ, "మీ అక్కకి నేను చెప్తాలే, ఇంకో చుట్టు తిప్పు" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో పెళ్లి మాట ఎత్తినవాళ్లు లేరు.

అక్క జబ్బు సంగతి కూడా బల్లికి అలాగే తెలిసింది.

"బిగించరా."

"బిగిస్తున్నా."

"ఇంకొంచెం. చాలు. మరో దానికి పద." స్క్రూడ్రైవరు పక్క బోల్టులోకి మారింది. తర్వాత, "ఒరేయ్, మీ అక్కకి మంచిది కాదన్నాడు డాక్టరు."

"ఏది మంచిది కాదు?"

"ఏదీ మంచిది కాదు."

పైన స్క్రూడ్రైవరు వణకడం బోల్టు గుండా కింద పానా దాకా తెలిసింది. బల్లి ఆ చీకటి అరలో కళ్లు మూసుకున్నాడు. "పట్టుకున్నావా బావా?" అన్నాడు.

"పట్టుకునే ఉన్నా. తిప్పు."

అక్క ఆ ఏడాదే పోయింది. వాళ్లకి పిల్లల్లేరు. బావ ఇల్లు వదిలేసి షెడ్డు వెనక వీధిలో ఒక అద్దె గదిలోకి మారాడు. ఇద్దరూ మామూలుగానే పనికొచ్చేవారు.

ఒకరోజు బల్లి, ఎవరో కొత్తగా కొనుక్కున్న పడవలో, మంచం పైనున్న అరలో పడుకుని, ఎవరితోనూ అనని మాట ఒకటి అన్నాడు. "బావా, సాయంత్రం పని దిగాక నా కాళ్లు ఇంకా మీ పాత ఇంటికే పోతున్నాయి. గుమ్మం దాకా వెళ్లాక గుర్తొస్తోంది. అక్కడ ఇప్పుడు వేరేవాళ్లు బట్టలారేసుకుంటున్నారు. కాసేపు నిలబడి వచ్చేస్తున్నా."

పైనుంచి జవాబొచ్చింది. "ఇంకో చుట్టు తిప్పు."

బల్లికి ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి గుండె రాయి అనుకున్నాడు. చాలా రోజులు పనికి తప్ప నోరు తెరవలేదు. బావ అది గమనించినట్టు కూడా లేదు.

అసలు సంగతి షెడ్డులో అందరి ముందూ బయటపడింది. ఒక సంగీతం టీచరమ్మ కాపురముంటున్న పడవలో కమ్మీ స్తంభం బిగిస్తున్నారు. వాషరు చేతిలోంచి జారి అర మూలకి దొర్లిపోయింది. "ఆగు బావా, ఆగు, కదపకు!" అని బల్లి అరిచాడు. పైన బోల్టు వదులుగా ఆడుతోందని బావ స్క్రూడ్రైవరు గట్టిగా తిప్పేశాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. బంక చిరిగిన సంగతి కింద బల్లికి కనపడలేదు, పైన బావ చూసుకోలేదు. వారం తిరక్కుండా కుండపోత వాన. టీచరమ్మ పరుపు, బట్టలు, వాళ్ల నాన్న వాయించిన వయొలిన్ అన్నీ తడిసిపోయాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. ఆ వయొలిన్‌ని తువ్వాలులో చుట్టుకుని వచ్చి, సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుండిపోయింది.

సూపర్‌వైజరు బావని పిలిపించాడు. చెడ్డవాడేమీ కాదు, చాలాసేపు నెమ్మదిగానే మాట్లాడాడు. బావ అతని పెదాల వంకే చూస్తూ తలాడించాడు. ఏదో అనుమానం వచ్చినట్టు సూపర్‌వైజరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "ఈ రోజు ఏ వారమండీ?" అని అడిగాడు.

"అలాగేనండి. రేపటికల్లా చేసేస్తాం" అన్నాడు బావ.

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో నవ్వారు. ఆ నవ్విన మనిషి కూడా వెంటనే ఆపేశాడు.

ఏళ్ల తరబడి నునుపు పట్టే మిషను హోరులో చెవులు పోయాయని డాక్టరు చెప్పాడు. చెవికి పెట్టుకునే యంత్రం ఇచ్చి చూశారు. "ఇందులో మనుషులు వినపడట్లేదు, గిన్నెలు దొర్లుతున్నాయి" అని బావ దాన్ని సొరుగులో పడేశాడు. బల్లి ఆ రోజంతా వెనక్కి లెక్కేసుకుంటూ కూర్చున్నాడు. తను ఎన్ని మాటలన్నాడు, అందులో ఏవి పైదాకా చేరాయి? గుమ్మం సంగతి చేరలేదు. దానికి ముందువీ చేరాయో లేదో. రాయి అనుకుని తను పలకరించని రోజులు గుర్తొచ్చి తల దించుకున్నాడు.

షెడ్డులో ఇద్దరికీ పని ఆగిపోయింది. బల్లిని ఉండమన్నారు, అతనే ఉండనన్నాడు. బయట ఊడ్చే పని, రంగులు వేసే పని ఏదో చూసుకున్నాడు. బావ మాత్రం ఊరుకోలేదు. షెడ్డు చివర, ముళ్లకంచె పక్కన, సొంతదారు వదిలేసి పోయిన చిన్న తెరచాప పడవ ఒకటుండేది. పగలగొట్టడానికి పక్కన పెట్టారు. "అది నాకిచ్చెయ్యండి" అని బావ అడిగాడు. "తీసుకోండి, మాకూ అడ్డం తప్పుతుంది" అన్నాడు సూపర్‌వైజరు. అద్దె గది ఖాళీ చేసి, పరుపు చుట్ట భుజాన వేసుకుని, బావ అందులోకి ఎక్కేశాడు.

"బాగుచేద్దాం రా. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల పడవలు బాగుచేశాం, ఒక్కసారైనా నీళ్లలోకి వెళ్లామా? వెళ్దాం" అన్నాడు.

బల్లి స్క్రూడ్రైవరు పిడితో డెక్కు మీద తడుతూ ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాడు. గట్టి డెక్కు తడితే టక్కుమంటుంది. కుళ్లింది తడితే తడిబట్టల మూటని తట్టినట్టుంటుంది. అక్కడ టక్కుమన్న చోటు దొరకలేదు. స్తంభాల దగ్గర, తెరచాప కట్టే దూలం అడుగున, కిటికీల పక్కన, అంతా మూటే.

"బావా, ఇది మొత్తం పోయింది" అన్నాడు.

"ఏంటి?"

ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. 'డెక్కు మొత్తం కుళ్లింది.' బావ దాన్ని దూరంగా పెట్టి చదివాడు, దగ్గరగా పెట్టి చదివాడు. "నీ దస్తూరీ చిన్నప్పట్నుంచీ ఇంతేరా, ఒక్క ముక్క అర్థం కాదు" అని, అట్టని మడిచి, ఆడుతున్న తలుపు కింద చెక్కలా దూర్చాడు.

అతనికి అర్థం కాకపోవడమేమిటి! వేల బోల్టులు పట్టిన చేతులవి. తట్టి చూడక్కర్లేదు, కాలు పెడితేనే తెలుస్తుంది. అయినా బల్లి ఇక వాదించలేదు. అప్పట్నుంచి సెలవు రోజు వస్తే చాలు, సంచిలో పానాలు వేసుకుని అక్కడికి వెళ్లిపోయేవాడు.

మాట వినపడదు కాబట్టి ఒక ఉపాయం చేశారు. పక్కనున్న ఖాళీ చిల్లులోంచి ఒక దారం పైకి పంపి, బావ చూపుడువేలికి కట్టేవాళ్లు. ఒకసారి లాగితే పట్టుకో, రెండుసార్లు లాగితే అయిపోయింది. "చేపలు పట్టేవాళ్లు కింద ఉన్న చేపని లాగుతారు. ఇక్కడ చేపే నన్ను లాగుతోంది" అని బావ పెద్దగా నవ్వేవాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఆ నవ్వు షెడ్డు అవతలి గోడ దాకా పోయేది.

ఒక స్తంభం బాగుచేస్తే ఇంకోచోట కారేది. అది బాగుచేస్తే మొదటిదాని పక్కన. బావ పరుపుని ఎడమ పక్కకి జరిపితే చుక్క కూడా ఎడమ పక్కకే వచ్చేది. బకెట్లు, పళ్లాలు, చివరికి అక్క చీర ఒకటి మడతపెట్టి కిటికీ వారన పెట్టాడు. బల్లి ఆ చీర పిండి, ఆరేసి మళ్లీ అక్కడే పెట్టాడు. గోడలకి నల్లటి బూజు పట్టింది. బావకి దగ్గు మొదలైంది, అది తగ్గలేదు. ఒక ఉదయం పడవ నిచ్చెన మీదే కూలబడితే, కాపలా మనిషి చూసి ఆసుపత్రికి చేర్చాడు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆ తేమలోకి మళ్లీ పంపితే తమ పూచీ లేదన్నారు. బల్లి తన గదికి తీసుకొచ్చాడు. నాలుగో అంతస్తులో ఒకటే గది, ఒక కిటికీ, పొడిగా వెచ్చగా ఉండేది. బావకి మంచం ఇచ్చి, తను నేల మీద పక్క వేసుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. బావకి వినపడదు, బల్లికి ముఖం చూసి మాట్లాడటం రాదు. మునుపైతే ఫ్యాను గురించైనా పోట్లాడుకునేవారు. ఇప్పుడు బావ ఫ్యాను వంక చూడనైనా చూడడు, ఎంత వేగం పెట్టినా ఒకటే. గోడ వంకే చూస్తూ కూర్చునేవాడు. బల్లి ఒకసారి అట్టముక్క మీద, 'ఏం కావాలి బావా?' అని రాశాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

ఒకరోజు పనినుంచి తొందరగా వచ్చి చూస్తే మంచం ఖాళీ. ఎక్కడికి వెళ్లి ఉంటాడో వెతకాల్సిన అవసరం లేదు.

వాన అప్పుడే వెలిసింది. పడవ డెక్కు మీద, తడిలో, బావ బోర్లా పడుకుని ఉన్నాడు. బల్లి పరుగున నిచ్చెన ఎక్కాడు. బావకి ఏమీ కాలేదు. ముందువైపు స్తంభం చిల్లులో బోల్టు దింపి, దాని తలలో స్క్రూడ్రైవరు పెట్టి, రెండు చేతులతో కదలకుండా పట్టుకుని ఉన్నాడు. వేలికి దారం కట్టుకుని ఉంది. దాని రెండో కొస చిల్లులోంచి లోపలికి వేలాడుతోంది, ఖాళీగా. ఎంతసేపట్నుంచి అలా ఉన్నాడో, వీపు మీద చొక్కా నానిపోయి ఉంది. కింద నట్టు తిప్పేవాళ్లెవరూ లేరు.

బల్లి అతన్ని పిలవలేదు, ముట్టుకోలేదు. చెప్పులు విప్పి లోపలికి దిగాడు. సంచి తేలేదు, అక్కడే పడున్న తుప్పు పానా తీసుకున్నాడు. ఇప్పుడతని ఎముకలు కూడా మునుపటిలా వంగవు. అయినా భుజం, నడుము ఎలాగో దూర్చి, ఆ అరలో వెల్లకిలా పడుకుని, దారం ఒకసారి లాగాడు. పైన బావ ఒళ్లు కదిలిన చప్పుడైంది.

నట్టు ఎక్కించి తిప్పాడు. బిగుతు రాలేదు. ఇంకా తిప్పాడు. తిప్పేకొద్దీ వాషరు నానిన అట్టలోకి దిగినట్టు పైకప్పులోకి దిగిపోతోంది. గోధుమరంగు నీళ్లు పానా మీదుగా, మణికట్టు మీదుగా చంక దాకా కారాయి. కుళ్లిన చెక్క గుజ్జు కళ్లలో పడింది. ఆ చెక్కకి పట్టు ఇచ్చే శక్తి లేదు, ఎన్ని చుట్లు తిప్పినా అంతే. అయినా అతను తిప్పుతూనే ఉన్నాడు, తిప్పుతూ మాట్లాడాడు.

"బావా, ఇది అవదు. నీకూ తెలుసు. అక్క ఉన్నా అవదు, నీకు చెవులున్నా అవదు. నేను నీమీద అలిగిన రోజులున్నాయి, నీకు తెలీదు. నువ్వు రాయివనుకున్నా. నాకు నువ్వు తప్ప మాట్లాడటానికి ఎవరూ లేరు బావా. ఇప్పుడు నువ్వూ లేవు, పైనే ఉన్నావు గానీ లేవు. నువ్వు ఈ వానలో ఇలా పడుకోకు. నేను చూడలేను."

కాసేపటికి బావ గొంతు వినిపించింది, ఎప్పటిలా భారీగా, "గట్టిగా పట్టిందా?" అని.

బల్లి ముఖం తుడుచుకున్నాడు. దారం రెండుసార్లు లాగాడు.

"హమ్మయ్య. ఇక ఇక్కడ కారదురా" అన్నాడు బావ.

అది జరిగిన కొద్దిరోజులకి, మధ్యాహ్నం బల్లి పనిలో ఉండగా, బావ ఆ నాలుగో అంతస్తు గదిలోనే పోయాడు. పక్కగదిలో ఉండే నర్సమ్మ వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయుంటాడు, బాధపడి ఉండడు అంది. అది నిజమో, తన కోసం అన్నదో బల్లికి తెలియదు.

పడవని ఎండాకాలంలో పగలగొట్టారు. బల్లిని రావాలంటే రమ్మన్నారు, సామాన్లేమైనా ఉంటే తీసుకోమన్నారు. వెళ్లాడు. యంత్రం కొక్కెం ఒక్కసారి తగిలించగానే డెక్కు పొడుగునా విడిపోయింది, విరిగిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. తాము బిగించిన స్తంభాలన్నీ ఒకదాని వెనక ఒకటి, మెత్తటి నేలలోంచి పీకిన మొక్కల్లా వచ్చేశాయి. తీసుకెళ్లడానికి అతనికి ఏదీ కనపడలేదు.

సూపర్‌వైజరు మళ్లీ పనిలో చేరమన్నాడు. "ఇంకో మనిషిని వెతకక్కర్లేదు. ఇప్పుడు కొత్త పట్టకారు వచ్చింది చూడండి. కింద నట్టుకి తగిలించి వదిలేస్తే అదే పట్టుకుంటుంది. పైకొచ్చి మీరే బిగించుకోవచ్చు, ఇప్పుడొచ్చే బంక పైనుంచి తిప్పినా చిరగదు" అన్నాడు. చేతిలో పెట్టి చూపించాడు కూడా. బరువైనదేమీ కాదు.

బల్లి చేరాడు. కింద పట్టకారు తగిలించి, అరలోంచి బయటికొచ్చి, నిచ్చెనెక్కి, జీవితంలో మొదటిసారి పైన, బోల్టు తల దగ్గర, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎండగా ఉంది. అక్కణ్నుంచి నీళ్లన్నీ కనిపిస్తాయి, వచ్చేపోయే తెరచాపలు కనిపిస్తాయి. ఇన్నేళ్లూ బావ చూసింది ఇదన్నమాట. ఒక్కసారైనా ఆ మాట అతనితో అనలేదు. బల్లి కాసేపు చూసి, బోల్టు బిగించడం మొదలుపెట్టాడు.

మర్నాడు నీళ్ల పైపు పెట్టి పరీక్షించారు. సూపర్‌వైజరు లోపల టార్చిలైటుతో అంతా వెతికాడు. ఒక్క చుక్క కూడా దిగలేదు. "బ్రహ్మాండంగా వచ్చింది, ఇద్దరు చేసినదానికంటే నయం" అని అతని భుజం తట్టాడు.

బల్లి పైపు కట్టేసి, చుట్ట చుట్టి, గోడకి తగిలించాడు. ఆ సాయంత్రం గదికి వెళ్లి, మంచం ఖాళీగానే ఉన్నా, ఎప్పటిలా నేల మీదే పక్క పరుచుకున్నాడు.